రొయ్య నలుపు చెప్పే పాఠం

ఎంజైముల వేగాన్ని, వాటిని అడ్డగించే నిరోధకాలను మన పాఠ్యపుస్తకాలు వివరించే తీరును ఒకసారి విమర్శించి చూడవలసి ఉన్నది. 1913లో మైకేలిస్, మెంటెన్ ప్రకటించిన సమీకరణం వాటిలో ఉంటుంది. సక్సినిక్ డీహైడ్రోజినేజును మెలోనేటు అడ్డగిస్తుందన్న ఉదాహరణ ఉంటుంది. ఇందులో అసత్యమేమీ లేదు. అయితే విద్యార్థి కంటితో చూడదగిన ఉదాహరణలు మాత్రం అరుదు.

నెల్లూరు తీరాన ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాల గుంటలలో పట్టిన రొయ్యనే తీసుకొందాం. చనిపోయిన కొన్ని గంటలకు దాని తలమీద, పెంకు అంచుల వెంట నల్లమచ్చలు పొడసూపుతాయి. ఇది కుళ్ళు కాదు. రొయ్యలోని పాలీఫినాల్ ఆక్సిడేజు అనే ఎంజైము ఆక్సిజను సాయంతో ఫినాళ్ళను క్వినోన్లుగా మారుస్తుంది. అవి ఒకదానితో ఒకటి కూడి నల్లని మెలనిన్ అవుతాయి. తిన్నవారికి హాని లేదు గాని సరుకు ధర పడిపోతుంది. మంచు ఈ చర్యను మందగింపజేస్తుందే తప్ప ఆపదు.

దీనిని అరికట్టే పదార్థాలలో రెండింటిని పోల్చి చూడండి. 4-హెక్సైల్ రిసార్సినాల్ నిజమైన పోటీదారు. ఫినాలును పోలి ఉండటంచేత ఎంజైములో ఫినాలు కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. ఫినాళ్ళు బాగా ఎక్కువైతే దానిని తొలగించగలవు. అందుచేత చర్య గరిష్ఠవేగం మారదు, ఆ వేగాన్ని అందుకోవటానికి మాత్రం ఎక్కువ ఫినాలు కావాలి. సోడియం మెటాబైసల్ఫైటు దారి వేరు. అది ముఖ్యంగా అప్పటికే పుట్టిన క్వినోన్లతో కలిసి రంగులేని పదార్థాలను ఇస్తుంది, ఆ పనిలో తాను ఖర్చయిపోతుంది. ఖర్చయిన పిమ్మట, మిగిలి ఉన్న ఎంజైము తిరిగి నలుపు పుట్టిస్తుంది.

పాఠంలోని లోపం ఇక్కడ బయటపడుతుంది. పోటీ నిరోధకం, పోటీలేని నిరోధకం అనే రెండు గడులలోనూ సల్ఫైటు చక్కగా ఇమడదు. ఆ గడులనే నేర్చినవాడు నలుపు మళ్ళీ కనబడగానే, మందు చాలలేదని మరింత కలపబోతాడు. కాని పచ్చి రొయ్యలో తినే భాగానికి కోడెక్స్ విధించిన పరిమితి, సల్ఫర్ డయాక్సైడుగా లెక్కకట్టి, కిలోకు 100 మిల్లీగ్రాములు. ఉబ్బసం గలవారిలో కొందరికి సల్ఫైటు ఆయాసం తెప్పిస్తుంది. కనుక ఈ భేదం తెలియకపోవటం పరీక్షలో మార్కులతో పోయేది కాదు.

సమీకరణాన్ని తొలగించమని మా వాదన కాదు. దానికి ముందు ఒక వంకాయను కోయించాలి. ఆ ముక్కలు నల్లబడటమూ ఈ జాతి ఎంజైము పనియే. కొన్ని ముక్కలకు నిమ్మరసం పట్టిస్తే పులుపు ఎంజైమును మందగింపజేస్తుంది, విటమిన్ సి క్వినోన్లను వెనుకకు మార్చి తాను ఖర్చవుతుంది. ఏది ఎంజైమును ఆపింది, ఏది దాని ఫలితాన్ని మాత్రమే చెరిపింది? ఈ ప్రశ్న అడగగల విద్యార్థికి రేఖాచిత్రం తానే అర్థమవుతుంది.