హంతకుడు ముందే కనబడాలా?

ఈ మధ్య మా నెల్లూరు జిల్లా కోస్తాలో సాహిత్యం చదువుకునే కుర్రవాళ్లు నలుగురు కలిస్తే ఒక హత్య గురించి వాదించుకుంటున్నారు. ఆ హత్య జరిగింది కంప్యూటర్ ఆటలో. ఆట పేరు ‘డిస్కో ఎలీసియం’. 2019 అక్టోబరులో వచ్చింది. నేను చాలా ఆలస్యంగా, ఒక విద్యార్థి మౌస్ నడుపుతుంటే పక్కన కూర్చొని చదివాను. ‘చూశాను’ అనకుండా ‘చదివాను’ అంటున్నది కావాలనే. అందులో పది లక్షల పైచిలుకు మాటలున్నాయి. తెర మీద ఒక డిటెక్టివ్ ఉంటాడు. ఎక్కడ నొక్కితే అక్కడికి నడుస్తాడు. వస్తువు మీద నొక్కితే పరిశీలిస్తాడు, మనిషి మీద నొక్కితే మాట కలుపుతాడు. ఏ మాట అనాలో, ఏ ప్రశ్న అడగాలో మనం ఎంచాలి. కొన్ని పనులకు పాచికలు పడాలి. పడకపోతే కథ ఆగదు, ఇంకో వంకకు తిరుగుతుంది. పైగా ఆ డిటెక్టివ్ బుర్రలోని ఇరవై నాలుగు శక్తులు, తర్కం, భయం, జాలి వంటివి, వేరువేరు గొంతులతో అతనితో తగాదా పడుతుంటాయి.

మన పత్రికలో ఆటల మీద విమర్శ ఏమిటని మిత్రులు అడుగుతారని తెలుసు. డిటెక్టివ్ నవల విషయంలో మనం ఒకసారి పొరపాటు చేశాం. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్‌ని, రాజుని జనం అద్దె పుస్తకాల దుకాణాల్లో ఎగబడి చదువుతున్న రోజుల్లో మనలో చాలామంది దాన్ని పలాయన సాహిత్యమని ఒక్కమాటతో పక్కన పెట్టారు. రోజంతా పనిచేసి వచ్చిన గుమాస్తా ఏమి వెతుక్కుంటూ ఆ పుస్తకం తీశాడో విచారించలేదు. బ్రెహ్ట్ విచారించాడు. డిటెక్టివ్ నవల ఎందుకంత జనాదరణ పొందిందో ప్రత్యేకంగా వ్యాసమే రాశాడు. ఎర్నెస్ట్ మాండెల్ 1984లో అపరాధ కథా చరిత్రను మార్క్సిస్టు దృష్టితో పరిశీలిస్తూ ఒక గ్రంథం ప్రచురించాడు. కనుక ఆటగాళ్లు ఏమంటున్నారో ముందుగా విందాం.

కథ క్లుప్తంగా చెబుతాను. రెవషోల్ అనే కల్పిత నగరంలో మార్టినేజ్ అనే రేవుపేట. వెనక ఎప్పుడో అక్కడ విప్లవం వచ్చింది, కమ్యూన్ ఏర్పడింది, విదేశీ కూటమి సేనలు దాన్ని అణచివేశాయి. గోడల మీద తూటాల గుంతలు ఇంకా ఉన్నాయి. కథాకాలంలో రేవు కార్మికుల సమ్మె జరుగుతుంటుంది. కంపెనీ తెప్పించిన కిరాయి సైనికుల నాయకుడు ఒక వసతిగృహం వెనక చెట్టుకు ఉరివేయబడి ఏడు రోజులుగా వేలాడుతున్నాడు. విచారణకు వచ్చిన డిటెక్టివ్ పీకలదాకా తాగి తన పేరే మరిచిపోయాడు. తోడుగా కిమ్ కిత్సురాగి అనే నెమ్మదైన సహచరుడు. ఇక రహస్యం చెప్పకుండా ముందుకు పోలేను. ఆట ఆడదలచినవారు ఈ వ్యాసాన్ని ఇక్కడ మడిచిపెట్టుకోవచ్చు.

ఆ శవం ఉరివల్ల చనిపోయింది కాదు. తుపాకి గుండు తగిలి చనిపోయినవాణ్ణి తర్వాత ఉరితీసినట్టు అమర్చారు. గుండు సముద్రంలోని ఒక చిన్న దీవి మీదినుంచి వచ్చింది. కాల్చింది కమ్యూన్ సైన్యంలో రాజకీయ కమిసార్‌గా ఉండి, శత్రుసేనలు దిగుతున్నప్పుడు స్థానం వదిలి పారిపోయిన ఒక ముసలివాడు. నలభై ఏళ్లకు పైగా ఆ దీవినే స్థావరం చేసుకుని, పాత తుపాకి గొట్టం మీది దుర్భిణిలోంచి ఊరిని చూస్తూ బతుకుతున్నాడు. కిరాయి సైనికుడి మీద వర్గద్వేషం ఎంతో, అతనితో ఉన్న స్త్రీ మీద ముసలి మోహం అంత. రెండూ కలిసి మీట నొక్కాయి. ఈ ముసలివాడు ఆట చివరిదాకా మనకు ఒక్కసారి కూడా కనబడడు.

ఆటగాళ్ల అసలు ఫిర్యాదు ఇక్కడే. “ఏంది సార్, ఇది మోసం గదా! అన్ని సాయంత్రాలు ఊళ్లో ప్రతి మనిషినీ అనుమానిస్తిమి, చివర్న ఎవడో తెలియనోడిని తెచ్చి నిలబెడితే ఎట్లా?” అని నా పక్కన కూర్చున్న విద్యార్థే మౌస్ వదిలేశాడు. ఒక్క మా జిల్లా పిల్లల మాటే కాదిది. ఈ ఆట ఆడినవాళ్లు అనేక దేశాల్లో అన్న మాటే. దీని వెనక పాత ధర్మసూత్రం ఒకటుంది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత డిటెక్టివ్ కథకు పది నియమాలు పెట్టాడు. నేరస్థుడు కథ తొలిభాగంలోనే పాఠకుడి ఎదుటికి రావాలన్నది వాటిలో మొదటిది. పాఠకుడికీ రచయితకూ మధ్య అది ఒక ఒడంబడిక. ఆ లెక్కన ఈ ఆట ఒడంబడికను ఉల్లంఘించింది.

కాని ఆ నియమానికి పునాది ఏమిటి? నాక్స్ కాలపు కథల్లో నేరం ఒక పెద్ద బంగళాలో జరుగుతుంది. యజమాని, మేనల్లుడు, వైద్యుడు, వంటమనిషి ఉంటారు, వాళ్లలో ఒకడు దోషి. వాణ్ణి పట్టిస్తే బంగళా మళ్లీ పవిత్రమవుతుంది. సమాజం బంగళా అంత చిన్నదనీ, నేరానికి కారణాలన్నీ ఆ ప్రహరీగోడ లోపలే దొరుకుతాయనీ ఆ నియమం మనచేత ఒప్పిస్తుంది. ఈ ఆట రాసినవారు గోడ తీసేశారు. వారి హత్యకు కారణం నాలుగు దశాబ్దాల కింద ఓడిపోయిన విప్లవంలో ఉంది. ఆ కారణాన్ని ఊరు మరిచిపోయింది కనుకనే హంతకుడు ఊళ్లో కనబడడు. జాడలు మాత్రం మొదటినుంచీ ఉన్నాయి: పాతకాలపు గుండు, అది వచ్చిన దిక్కు, తూటాలు తిన్న గోడలు. వాటిని మనం నేపథ్య చిత్రమనుకొని దాటిపోయాం. నేనూ దాటిపోయాను. ఆ విద్యార్థి కోపంలో న్యాయముంది. అయితే ఆ కోపం రచయిత మీదికి కాక తన చూపు మీదికి తిరగవలసినది.

మా సంఘంలో వయసు మీరిన మిత్రుడొకరు కథ విని మరో ఆక్షేపణ తెచ్చారు. “కార్మిక నాయకుడు అవినీతిపరుడు, విప్లవకారుడు కామాంధుడైన హంతకుడు. ఇంతకంటె ప్రతీఘాత రచన ఏముంటుంది?” అన్నారు. తేలిగ్గా తీసిపారేయదగిన ప్రశ్న కాదు. 2019 డిసెంబరులో లాస్ ఏంజిలెస్‌లో బహుమతి అందుకుంటూ ఈ బృందంవారు తమకు రాజకీయ విద్య నేర్పినందుకు మార్క్స్, ఎంగెల్స్‌లకు వేదిక మీదే కృతజ్ఞత చెప్పారని నేను గుర్తు చేశాను. “చెప్పుకోవడానికేం, ఎవరైనా చెప్పుకుంటారు” అన్నారాయన. నిజమే, రచయిత ప్రకటనను బట్టి రచనను తూచకూడదని మనమే చెబుతుంటాం గనుక రచనలోకే పోవాలి.

రచనలో నాకు కనిపించింది ఇది. ఆ ముసలివాడి ద్వేషాన్ని రాసిన తీరులో వెక్కిరింత లేదు. అతను కార్మికులను కూడా అసహ్యించుకుంటాడు, సమ్మెను తుచ్ఛంగా చూస్తాడు, తాను తప్ప కమ్యూనిస్టు మిగల్లేదంటాడు. ప్రజలు లేని విప్లవకారుడు ఏమవుతాడో రచయితలు నిర్దాక్షిణ్యంగా చూపారు. అది విప్లవ ద్వేషం కాదు. కాని వారు అక్కడితో ఆగిపోయారు. నా అభ్యంతరం అదీ. ఓటమికి మిగిలేది ఒంటరితనం ఒక్కటేనా?

ఆటలో కథాకాలం వారి కల్పిత శకంలో 51వ సంవత్సరం. కాకతాళీయమే కావచ్చు, మన 1951 అక్టోబరులోనే తెలంగాణ సాయుధ పోరాటం విరమించబడింది. ఆ పోరాట నాయకుల్లో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్యగారిది మా కోస్తాలోని అలగానిపాడు. పోరాటం ఆగిన మరుసటి సంవత్సరం, 1952లో, ఆయన రాజ్యసభలో ఉన్నారు. 1955లో శాసనసభకు వచ్చారు. పేరు లేని వందలాదిమంది ఊళ్లకు తిరిగివచ్చి కూలిసంఘాల్లో కలిశారు. వారు చేసినదంతా ఒప్పని నేను అనడం లేదు, ఆ చర్చ మనలో ఈనాటికీ తెగలేదు. అయినా ఓడినవారు దీవి మీద కూర్చోలేదన్నది చరిత్ర. ఇటువంటి మనిషి ఒక్కడు మార్టినేజ్‌లో కనబడితే ఆ ముసలివాడి విషాదం ఇంకా లోతు దేలేది. 2021లో వచ్చిన సంపూర్ణ ప్రతిలో ఇద్దరు విద్యార్థుల అధ్యయన బృందాన్ని చేర్చారు. వారు సిద్ధాంతబలంతో అగ్గిపెట్టెలను గోపురంగా నిలబెడతారు. నవ్వు వస్తుంది. మన అధ్యయన తరగతులు గుర్తొచ్చి కాస్త సిగ్గూ వేస్తుంది. కాని అదొక ముచ్చటే, లోటు పూడ్చదు.

ఇప్పుడు కార్మిక నాయకుడి సంగతి. ఎవ్రార్ట్ క్లేర్ స్థూలకాయుడు, తీయగా మాట్లాడతాడు, రేవును మొత్తంగా కార్మికుల పరం చేస్తానంటాడు. ఆటగాళ్లకు ఇతనంటే ఇష్టం. ‘దొంగే, కాని కంపెనీకంటె నయం’ అన్నది సాధారణాభిప్రాయం. ఇతను డిటెక్టివ్‌ని ఒక చిన్న సాయం అడుగుతాడు. ఒడ్డున ఉన్న జాలరి పల్లెలో యువజన కేంద్రం కడతాడట, అందుకు ఇద్దరు స్త్రీల సంతకాలు కావాలి. ఒకామె వలలు బాగుచేసుకుంటూ బిడ్డలను సాకే విధవరాలు, ఇంకొకామె బట్టలుతికే ముసలామె. పని మొదలైతే ఆ గుడిసెల్లో కాపురం సాగదని కాగితాన్ని అనుమానంగా చూసినవాడికి తెలుస్తుంది. ఒప్పించి సంతకాలు పెట్టించవచ్చు. దొంగ సంతకాలూ చేయవచ్చు.

చాలామంది ఆటగాళ్లు ఇది దారిలో వచ్చే చిల్లరపని అనుకొని ముగించేశారు. మైపాడుకు దక్షిణాన ఒక పట్టపుపాళెం నుంచి వచ్చి కాలేజీలో తెలుగు చదువుతున్న అబ్బాయి మాత్రం అక్కడ ఆగిపోయాడు. వాళ్ల నాయన ఇలాంటి కాగితం మీదే ఒకసారి వేలిముద్ర వేశాడు. ఏమి కట్టబోతున్నారో తెలిసే వేశాడు, ఊరి పెద్ద అడిగాడు గనుక. “ఆ పొద్దు కాగితం ఎత్తుకొచ్చినోడు మావోడే సార్. మా కులపోడే. కంపెనీవోడైతే నాయన ఏసేవోడు కాదు” అన్నాడు. ఎవ్రార్ట్ పాత్ర మీద నేను విన్న అభిప్రాయాల్లో ఇంత బరువైనది ఇంకొకటి లేదు. మన మిత్రుడు ఆక్షేపించిన ఆ పాత్రలోని నిజం ఈ కుర్రవాడికి వివరించనక్కరలేకపోయింది. కార్మిక నాయకుణ్ణి అవినీతిపరుడిగా చూపడం ప్రతీఘాతం ఎప్పుడవుతుందంటే, ఆ అవినీతికి బలయ్యేవారిని చూపకుండా నవ్వి వదిలేసినప్పుడు. ఇక్కడ వలలు బాగుచేసుకునే ఆమె తన గుమ్మం ముందే నిలబడి ఉంది. ఆమెతో మాట్లాడకుండా సంతకం దొరకదు, దొంగిలించితే తప్ప.

తాగుడు విషయంలో నేను ఆట పక్షాన లేను. కావలిలో చదివే ఒక అమ్మాయి అన్న మాటతో ఏకీభవిస్తాను. డిటెక్టివ్ తాగుడుకు కారణం విడిచిపోయిన స్త్రీ, వ్యక్తిగత దుఃఖం. తాగడమో మానడమో ఆటగాడి ఇష్టం. “మా అమ్మమ్మకు ఆ ఇష్టం ఎవరిచ్చారు?” అని ఆ అమ్మాయి ప్రశ్న. 1983లో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను పొట్లాలు కట్టి ఊరూరా చేర్చిన రాష్ట్రం మనది. అక్షరదీపం పాఠాలు చదువుకున్న దూబగుంట స్త్రీలు లేచి మా జిల్లాలో సారా దుకాణాలను మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారా వెనక ఖజానా ఉంది, వేలంపాట ఉంది, కూలి డబ్బులున్నాయి. గోడల మీద తూటా గుంతలకు కూడా రాజకీయార్థం చెప్పగలిగిన రచయితలు సీసా దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా అంతర్ముఖులైపోయారు. ఆ బుర్రలోని ఇరవై నాలుగు గొంతుల్లో ఒక్కటీ ఆ సీసా ఎవరు అమ్మారని అడగదు.

మాటలు మరీ ఎక్కువన్న ఫిర్యాదు కూడా విన్నాను. దానికి నా దగ్గర సమాధానం లేదు. నాకు ఎక్కువ అనిపించలేదు. ఇది తెలుగులో రాలేదు గనుక ఇంగ్లీషు బాగా వచ్చినవారికే అందుతున్నదన్నది మాత్రం గట్టి ఫిర్యాదు. పట్టపుపాళెం అబ్బాయి ఒక్కో సంభాషణకు నిఘంటువు తిరగేస్తూ ఆడాడు.

ఆట కథకంటె బయటి కథ విచిత్రం. కుర్విట్స్, చిత్రకారుడు రొస్తోవ్, రచయిత్రి హెలెన్ హిండ్‌పెరె ఇక ఆ సంస్థలో లేరనీ, తమంత తాము వెళ్లినది కాదనీ 2022లో బయటపడింది. వాటాలు ఎవరివన్న తగాదా కోర్టుకెక్కింది. ఉభయులూ ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. సామూహికంగా మొదలైన రచన ఆస్తి తగాదాగా మారడం మన నాటక సమాజాల్లో చూడనిది కాదు.

ఆ అబ్బాయి ఇప్పుడు రెండోసారి ఆడుతున్నాడు. హంతకుడెవరో తెలుసు గనుక తొందర లేదట. మొదటి రోజునుంచే సముద్రం వైపు చూస్తూ నడుస్తున్నాడు. ఎవ్రార్ట్ ఇచ్చిన కాగితం జేబులోనే ఉంది. వలల గుడిసె ముందు నిలబడి ఆమెతో అన్ని విషయాలూ మాట్లాడాడు గాని, సంతకం మాట ఇంకా ఎత్తలేదు.