పిల్లల చేతులెరిగిన పని: హోల్‌స్ట్ ‘సెయింట్ పాల్స్ సూట్’

బడి ఆర్కెస్ట్రా కోసం సంగీతం రాయమంటే చాలామంది స్వరకర్తలు చెయ్యి బిగబట్టి రాస్తారు. మొదటి వయొలిన్లకు ఓ పాట, మిగతావాళ్లకు దాని కింద పొడుగాటి స్వరాలు, చివర్లో చప్పట్లకు వీలుగా ఒక ఆర్భాటం. పిల్లలు తప్పుల్లేకుండా వాయిస్తారు, తల్లిదండ్రులు వీడియో తీసుకుంటారు, మర్నాటికి ఎవరికీ ఏమీ గుర్తుండదు.

గుస్తావ్ హోల్‌స్ట్ అలా రాయలేదు. 1912లో మొదలుపెట్టి 1913లో పూర్తిచేసిన ‘సెయింట్ పాల్స్ సూట్’ను ఆయన లండన్‌లో తాను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడి కోసమే రాశాడు. అచ్చయింది మాత్రం 1922లో. ఈనాటికీ పెద్ద పెద్ద వృత్తి ఆర్కెస్ట్రాలు దాన్ని వాయిస్తున్నాయి. హైస్కూలు పిల్లలు దానితో కుస్తీ పడుతూనే ఉన్నారు. నాలుగు భాగాలు, అన్నీ కలిపి పదమూడు నిమిషాలకు అటూ ఇటూ. అంత తక్కువ సమయంలో ప్రతి వాద్యానికీ పనికొచ్చే పని అప్పగించిన తీరు చూసినప్పుడల్లా నాకు ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది.

హోల్‌స్ట్ చిన్నప్పుడు పియానో వాద్యకారుడు కావాలనుకున్నాడు. కుడిచేతి నరాల జబ్బు ఆ దారి మూసేసింది. ట్రాంబోన్ పట్టుకుని కొన్నేళ్లు ఆర్కెస్ట్రాల్లో పొట్టపోసుకున్నాడు. ట్రాంబోన్ వాయించేవాడి బతుకులో ఎక్కువ భాగం లెక్కపెట్టడమే. తన వంతు వచ్చేదాకా ఒక్కో బార్, అంటే తాళంలో ఒక్కో చుట్టు, లెక్కించుకుంటూ కూర్చోవాలి. చేతిలో వాద్యం ఉండి, వాయించడానికి ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో ఆయన ఒళ్లెరిగిన విషయం. ఈ సూట్‌లో వెనక వరసల పిల్లల మీద అంత శ్రద్ధ పెట్టడానికి ఇదే కారణమని నా నమ్మకం.

1905లో హామర్‌స్మిత్ దగ్గర బ్రూక్ గ్రీన్‌లోని సెయింట్ పాల్స్ గర్ల్స్ స్కూల్లో చేరి, 1934లో పోయేదాకా ఆ ఉద్యోగం వదల్లేదు. 1913లో బడిలో సంగీతానికంటూ కొత్త భవనం కట్టి, అందులో బయటి చప్పుడు లోపలికి రాని గదిని ఆయనకిచ్చారు. ఆ కృతజ్ఞతే ఈ సూట్. తర్వాత ‘ది ప్లానెట్స్’లో చాలా భాగం ఆ గదిలోనే పుట్టింది. మనవాళ్లకు ఆసక్తి కలిగించే మాట ఇంకొకటుంది. ఋగ్వేద సూక్తాలను తన సంగీతానికి తానే అనువదించుకోవాలని యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో సంస్కృతం నేర్చుకున్నాడు. సావిత్రి కథను చిన్న ఆపెరాగా రాశాడు. ఋగ్వేద బృందగానాల చివరి వరస ముగిసిన 1912లోనే ఈ పిల్లల సూట్ మొదలైంది. వేదసూక్తాలకు పెట్టిన చిత్తశుద్ధికి తక్కువ కాకుండా బడిపిల్లల పనికీ పెట్టాడు.

మొదటి భాగం ‘జిగ్’ చూడండి. తీగవాద్యాలన్నీ ఒకే పాటను ఒకేసారి అందుకుంటాయి. కింద శ్రుతుల ఆసరా లేదు, పక్కవాడి చాటున దాక్కునే వీల్లేదు. పైగా ఒక బార్‌లో ఆరు అక్షరాలు, మరో బార్‌లో తొమ్మిది. మృదంగం నేర్చుకునే పిల్లలకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఓసారి రెండు తకిటలు, ఓసారి మూడు. ఆ మూడో తకిట దగ్గరే పిల్లలు పడిపోతారు. రెండింటికి అలవాటు పడిన చెయ్యి మూడోదాన్ని మింగేసి ముందుకు దూకుతుంది. అందరూ ఒకే పాటలో ఉన్నారు కనుక దూకినవాడి తప్పు హాలంతా వినిపిస్తుంది. కఠినంగానే ఉంటుంది కానీ, ఇందులో హోల్‌స్ట్ పంతులుతనం ఉంది. మొదటి నిమిషంలోనే అందరి చెవుల్నీ ఒకచోటికి తెచ్చేశాడు. ఆ తర్వాతే రెండో పాటను తెచ్చి, ఇందులోంచి అందులోకి అల్లడం మొదలుపెట్టాడు.

రెండో భాగం ‘ఆస్టినాటో’ గురించి ఎక్కువ చెప్పాలి. నా మేనకోడలు అమెరికాలో హైస్కూలు ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ల వరసలో కూర్చుంటుంది. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ పిల్ల గదిలో ఒకటే తిరుగుడు స్వరాలు సాధన చేస్తోంది. “పాటేదమ్మా?” అన్నాను. “పాట ఫస్ట్ వయొలిన్ వాళ్లకి మావయ్యా, మాకిది” అంది, కొంచెం ఉడుక్కుంటూ.

నిజమే, ఆ భాగం మొదలయ్యేది రెండో వయొలిన్ల తిరుగుడుతోనే. చిన్న స్వరాల మెలిక ఒకటి, చాలా వేగంగా, ఆ భాగం ముగిసేదాకా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. దాని మీద పాట వచ్చి చేరుతుంది. కాయితం మీద చూస్తే ఆ మెలిక ఎవరైనా వాయించగలరనిపిస్తుంది. ఒక్కసారి వాయించడం తేలికే. అదే వేగంతో, అదే మెత్తదనంతో, నిమిషం దాటి వాయిస్తే మణికట్టు బిగుసుకుంటుంది. బిగుసుకున్న చేతికి తొందర పుడుతుంది, తొందరపడితే మీద నడుస్తున్న పాట కాళ్ల కింద నేల కదిలిపోతుంది. మరో చిక్కు: ఒకటే మెలిక వందసార్లు తిరిగితే ఎక్కడున్నామో కంటికి ఆనవాలు దొరకదు. నా మేనకోడలు తన పుస్తకంలో కొన్ని కొన్ని బార్లకోసారి పెన్సిల్‌తో పాట మొదటి రెండు స్వరాలు రాసుకుంది. చూపు దారి తప్పితే చెవితో పట్టుకోవాలని. ఎవరూ చెప్పలేదట, తనకే తోచింది. ఆ చిన్న గీతలు చూసినప్పుడు హోల్‌స్ట్ పని నాకు ఇంకొంచెం అర్థమైంది. రెండో వయొలిన్లు పక్కవాళ్లను వినకపోతే ఈ భాగం నిలబడదు. పిల్లకు పాట ఇవ్వకుండానే వినడం నేర్పాడు. మొత్తం భాగానికి ఊపిరి ఇచ్చే పని ఆ వరసకే అప్పగించాడు.

మూడోది ‘ఇంటర్‌మెట్జో’. కమాను పక్కనపెట్టి, అందరూ వేలితో తీగ మీటే శ్రుతులతో మొదలై, వాటి మీద ఒంటరి వయొలిన్ ఒక దూరదేశపు వాసనగల పాట పాడుతుంది. హోల్‌స్ట్ 1908లో అల్జీరియా వెళ్లి, అక్కడ విన్నదానితో ‘బెనీ మోరా’ రాశాడు. ఈ పాటలోనూ ఆ గాలి తగులుతుంది. మీటడం తేలికనుకుంటారు కానీ, కమానుతో వాయిస్తే స్వరం మొదలు కొంచెం అటూ ఇటూ అయినా కలిసిపోతుంది. మీటితే దాచడానికేమీ ఉండదు. ఇరవై మంది వేళ్లు ఒక్క క్షణంలో పడకపోతే చిల్లర గలగల వినిపిస్తుంది. మధ్యలో వేగం పుంజుకున్నాక ఆ పాట తిరిగొచ్చినప్పుడు ఒంటరి వయోలాను కూడా జత చేశాడు. వయోలాకు అంత బహిరంగంగా గౌరవం దక్కడం బడి ఆర్కెస్ట్రా సంగీతంలో అరుదు.

ఇక చివరి భాగం ‘ది డార్గసన్’. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. డార్గసన్ పాత ఇంగ్లీషు నాట్యపు పాట. 1651లో ప్లేఫోర్డ్ అచ్చువేసిన నాట్యాల పుస్తకంలో ఉంది. ఎనిమిది బార్ల పాట, దానికి ముక్తాయింపు లేదు. ముగిసినట్టే ముగిసి మళ్లీ మొదటి స్వరంలోకి జారిపోతుంది. హోల్‌స్ట్ దాన్ని మొదట 1911లో మిలిటరీ బ్యాండు కోసం రాసిన రెండో సూట్‌లో వాడుకున్నాడు. తర్వాత తీగవాద్యాలకు మలిచాడు. పాట మారదు. దాని చుట్టూ ఉన్నవే మారుతుంటాయి: శ్రుతులు, ఎత్తు, బిగ్గరతనం, ఎవరి చేతిలో ఉందన్నది. ఒక వరస నుంచి మరో వరసకు చేతులు మారుతుంది కనుక, ఒకళ్లు వదిలే చోటూ ఇంకొకళ్లు అందుకునే చోటూ పిల్లలందరికీ తెలిసి ఉండాలి.

అంతలో చెల్లోలు ‘గ్రీన్‌స్లీవ్స్’ ఎత్తుకుంటాయి. అదీ పాత పాటే, నిదానమైనది, డార్గసన్‌కు ఏ పోలికా లేనిది. పైన డార్గసన్ ఆగదు. ఆరు అక్షరాలను డార్గసన్ తకిట తకిట అని రెండుగా కోస్తే, గ్రీన్‌స్లీవ్స్ తక తక తక అని మూడుగా కోస్తుంది. రెండూ కలిసేది బార్ మొదటి దెబ్బ దగ్గర మాత్రమే. అందుకే నడిపే టీచరు బార్‌కు ఒక్క దెబ్బే చూపిస్తే సరిపోతుంది, మిగతాదంతా పిల్లల లోపల ఉండాలి. వయొలిన్ పిల్ల చెల్లో అందానికి చెవి అప్పగించిందో, తనకు తెలియకుండానే మూడులోకి జారిపోతుంది. అలాగని వినకపోతే రెండు పాటలు రెండు గదుల్లో వాయిస్తున్నట్టుంటుంది. విని కూడా చెదరకపోవడమే ఇక్కడ అసలు పరీక్ష. మా పిల్ల మృదంగం నేర్చుకుంటున్న స్నేహితుడితో కలిసి బల్ల మీద చేత్తో తకిట, కాలితో తక కొడుతూ సాధన చేసింది. ఏడాదంతా అడుగు స్వరాలు మోసిన చెల్లో పిల్లలు ఆ పాట దగ్గర నిటారుగా కూర్చోవడం రిహార్సల్లో కళ్లారా చూశాను.

ఆ భాగం చివర్లో బ్యాండు రూపంలో పిక్కొలో, ట్యూబా అనే అతి చిన్న, అతి పెద్ద వాద్యాలు జంటగా మిగులుతాయి. ఈ తీగవాద్యాల రూపంలో ఒంటరి వయొలిన్ పైకి ఎగబాకి పోతుంది, వెంటనే అందరూ కలిసి ముగిస్తారు. ముక్తాయింపు లేని పాటను ఎలా ఆపాలన్న చిక్కును ఆయన రెండుసార్లు రెండు విధాలుగా తీర్చాడు.

ఈ సూట్ పూర్తయిన 1913లోనే లండన్‌లో హెన్రీ వుడ్ తన క్వీన్స్ హాల్ ఆర్కెస్ట్రాలో ఆరుగురు ఆడవాళ్లను తీసుకున్నాడు. అప్పటికి అది పెద్ద వార్త. వృత్తి ఆర్కెస్ట్రాల తలుపులు ఆడవాళ్లకు అంత కొద్దిగా తెరుచుకుంటున్న రోజుల్లో, హోల్‌స్ట్ తన బడిపిల్లల ముందు ఏ వృత్తి వాద్యకారుడూ చిన్నచూపు చూడలేని సంగీతం పెట్టాడు. తీగవాద్యాలు వాయించని పిల్లలు బయట నిలబడాల్సి వస్తుందని తర్వాత దీనికి గాలివాద్యాల భాగాలు కూడా రాసిచ్చాడు. వాటిని ఇప్పుడు ఎవరూ పెద్దగా వాయించరు, కానీ రాశాడన్న సంగతి నాకు ముఖ్యం.

1933లో ఆసుపత్రిలో ఉండగా అదే బడి చిన్న తరగతుల ఆర్కెస్ట్రాకు ‘బ్రూక్ గ్రీన్ సూట్’ రాశాడు. ఇది మూడు భాగాలే, వేళ్లకు ఇంకొంచెం సులువు, కానీ ఇందులోనూ ఎవరినీ ఊరికే కూర్చోబెట్టలేదు. మీ ఇంట్లో వయొలిన్, చెల్లో నేర్చుకునే పిల్లలుంటే ముందు దీన్ని వినిపించండి. ‘సెయింట్ పాల్స్ సూట్’ వినిపించేటప్పుడు మాత్రం రెండో భాగాన్ని రెండుసార్లు పెట్టండి: ఒకసారి పాట కోసం, ఒకసారి రెండో వయొలిన్ల కోసం.