ఒక్క మీటలో పదహారు స్పర్శలు

పాత డిజిటల్ పియానోలో మీటలు ఇరవై ఏళ్లయినా బిగువుగానే ఉంటాయి. వెలవెలబోయేది లోపలి శబ్దమే. అలాంటి వాద్యాన్ని తూకానికి వేసేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఒక యూఎస్‌బీ మిడి కేబుల్, అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై 4 ఉంటే చాలు, దానికి కొత్త గొంతు వస్తుంది.

ఆ గొంతు ఎవరిదో చెప్పాలి. అలెగ్జాండర్ హోమ్ అనే ఆయన యమహా సీ5 గ్రాండ్ పియానో తీగలకు సుమారు 12 సెంటీమీటర్ల పైన రెండు ఏకేజీ సీ414 మైకులు నిలిపి, మూడు మీటలకొకటి చొప్పున 30 మీటలను, ఒక్కోదాన్ని 16 రకాల ఒత్తిడితో నొక్కి రికార్డు చేశాడు. మొత్తం 480 శాంపిల్స్! మీట వదిలేటప్పుడు లోపల వినిపించే చిరుచప్పుడును కూడా ప్రతి మీటకూ విడిగా పట్టాడు. ఎంత ఓపిక! ఆ శాంపిల్స్ సేకరణకు సాలమాండర్ అని పేరు పెట్టి లోకానికి ఉచితంగా ఇచ్చేశాడు.

ఇంకో పక్షం కూడా ఉంది. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో, ఒకప్పుడు పియానోలకు శ్రుతి చేసిన గణితవేత్త ఫిలిప్ గియోమ్ 2006లో పియానోటెక్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. అందులో రికార్డింగులుండవు, తీగ కంపనాన్ని అప్పటికప్పుడు లెక్కగట్టి వినిపిస్తుంది. అదీ రాస్ప్‌బెర్రీ పై మీద నడుస్తుంది. ఆ ప్రతిభకు దండం పెడతాను, కానీ నా మనసు సాలమాండర్‌దే. అందులో నిజమైన కొయ్య, నిజమైన తీగ ఉన్నాయి.

అసలు పనితనమంతా మీట నొక్కాక శబ్దం వినిపించేలోపు పట్టే ఆలస్యాన్ని తగ్గించడంలో ఉంది. పాల్ డేవిస్ రాసిన జాక్ అనే ఆడియో సర్వర్‌లో 48,000 హెర్ట్జ్ దగ్గర 128 ఫ్రేముల బఫర్లు రెండు పెడితే అక్కడ పట్టే సమయం 5.3 మిల్లీసెకన్లు. పియానోకు రెండు మీటర్ల లోపు దూరంలో కూర్చున్నట్టే. వేలికి తేడా తెలియదు. ప్రాసెసర్ వేగాన్ని పూర్తిస్థాయిలో స్థిరపరచాలి, లేకపోతే దట్టమైన స్వరాల మధ్య చిటపటలు వస్తాయి. రాస్ప్‌బెర్రీ పై మీది హెడ్‌ఫోన్ రంధ్రాన్ని మాత్రం నమ్మకండి, అందులో బుసబుసలుంటాయి. డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే మంచి డాక్ బోర్డు తగిలించండి. మెమరీ కార్డును చదవడానికి మాత్రమే తెరుచుకునేలా పెడితే, హార్మోనియం మూసినంత నిశ్చింతగా స్విచ్ కట్టేయొచ్చు.

ఇంత శ్రద్ధ చూశాక చవక అనుకరణలను సహించలేను. ఒక దుకాణంలో ‘కచేరీ గ్రాండ్’ అని అంటగట్టిన పెట్టె తెచ్చుకున్నాను. మీటకు ఒకటే రికార్డింగు! మెల్లగా నొక్కితే చిన్నగా, గట్టిగా నొక్కితే పెద్దగా, అంతే. పియానోలో బలంగా కొడితే శబ్దం పెరగడమే కాదు, దాని రంగే మారుతుంది. ఆ రంగు వినకుండానే పిల్లలు ఏళ్లతరబడి సాధన చేస్తున్నారు. వాళ్ల వేళ్లకు మృదుత్వం ఎవరు నేర్పుతారు?

అటక మీది పాత వాద్యాన్ని దించండి. రాస్ప్‌బెర్రీ పైకి కలపండి. రాగాలు తర్వాత, ముందు మధ్య సి మీటను ఊపిరి తగిలినంత మెల్లగా మొదలుపెట్టి పదహారుసార్లు, ప్రతిసారీ కాస్త బలం పెంచుతూ నొక్కి వినండి.