యుగంధర్ దగ్గర తెలుగు

తెలుగు బాగా రావాలంటే ఏం చదవాలని మా దుత్తలూరు పిల్లలు అడిగితే, పెద్దవాళ్ళ ముందు భారతం అంటాను. వాళ్ళు అటు తిరగ్గానే కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల ఒకటి చేతిలో పెడతాను.

ఆ నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు తిరిగేది మద్రాసులో. మా మెట్టవాళ్ళకి అది పరాయి ఊరేం కాదు. 1953 దాకా మనకి రాజధాని అదే. కానీ ఆ పుస్తకాల్లో మాటలు మా వీధిలో వినబడేవి కావు: వాకబు, ఆచూకీ, సాలోచనగా. హంతకుడు తలుపవతల నక్కి ఉంటే నిఘంటువు తెరిచే ఓపిక ఎవరికుంటుంది? మనిషి ఆచూకీ మూడుచోట్ల దొరక్కపోయేసరికి అర్థం దానంతటదే దొరుకుతుంది. పంచనామా, వాంగ్మూలం మాత్రం మాకు కొత్త కాదు. గట్టు తగాదాల పుణ్యం.

అయితే ఈ పుస్తకాలిచ్చేది పెద్ద మాటల కోసం కాదు. పాఠ్యపుస్తకంలో వాక్యాన్ని నమ్మి చదువుతాం. ఇక్కడ ఎవరినీ నమ్మం. నౌకరు "అయ్యగారు తొమ్మిదింటికి వెళ్ళారు" అన్నాడా, "వెళ్ళినట్టున్నారు" అన్నాడా, "వెళ్ళారట" అన్నాడా? మొదటివాడు చూశాడు, లేదా చూశానని మనల్ని నమ్మించాలనుకుంటున్నాడు. రెండోవాడు చెప్పుల చప్పుడు విన్నాడేమో. మూడోవాడికి ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారన్నది తర్వాతి అధ్యాయం. వ్యాకరణం క్లాసులో ఎంత చెప్పినా ఎక్కని 'అట', శవం పడగానే ఎక్కుతుంది.

సాక్షుల మాటల్ని ఇలా తూచడం కొత్తేం కాదు. ఎడ్గార్ ఎలన్ పో 1841లో రాసిన రూ మోర్గ్ హత్యల కథని ఆధునిక డిటెక్టివ్ కథల్లో మొదటిదంటారు. గదిలోంచి వినబడ్డ కీచుగొంతు ఏ భాషదో అందులో సాక్షులు తలో రకంగా చెబుతారు. తమాషా ఏమిటంటే, ఎవరికి వారు తమది కాని భాష పేరే చెబుతారు. ముడి అక్కడే విడడం మొదలవుతుంది. మిగతాది చెప్పను.

కొమ్మూరి కాలం నవలల్లో అంతా బంగారమే అనను. కెవ్వుమనే ఆడవాళ్ళు మరీ ఎక్కువ. పైగా ఇప్పుడు అద్దె పుస్తకాల కొట్లు లేవు, నా దగ్గరున్న పాత ప్రతుల్లో కొన్నిటికి చివరి పేజీలూ లేవు. చిత్రంగా పిల్లలు ముందు అడిగేది వాటినే. హంతకుడెవరో తేలదు కాబట్టి వంటమనిషి "విన్నాను" అందా "విన్నట్టుంది" అందా అని పేజీలు వెనక్కి తిప్పుతూ గంటసేపు కొట్లాడుకుంటారు.