అరచేతి వెడల్పు కత్తి

ఫిన్లాండ్‌లో అడవి పనికి బయల్దేరే మనిషి నడుము పట్టీకి ఒక చిన్న తోలు ఒర వేలాడుతుంటుంది. సగం పిడి దాకా అందులో మునిగి ఉండే కత్తిని పూక్కో అంటారు. దాని బ్లేడు పొడవు 8 నుంచి 10 సెంటీమీటర్లు. పట్టుకునే మనిషి అరచేతి వెడల్పు ఎంతో ఇంచుమించు అంతే. మందం 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వెన్ను తిన్నగా సాగుతుంది, పదునంచు చివర్లో పైకి వంగి మొనను కలుస్తుంది. వేళ్లకు అడ్డుకట్ట ఉండదు, వెన్ను మీద రంపపు పళ్లు ఉండవు. సినిమాల్లో మూరెడు కత్తులు చూసిన కళ్లకు ఇది ఆనదు. అయినా అడవి, మంచు, నీళ్లు తప్ప మరేమీ లేని చోట్ల జనం తరతరాలుగా దీన్నే నమ్ముకుని బతికారు.

మన దగ్గరా అడవి దారుల్లో నడిచేవాళ్లు, గుడారాలేసుకుని రాత్రుళ్లు గడిపేవాళ్లు పెరిగారు. వాళ్లలో చాలామంది కొనే మొదటి కత్తి అవసరానికి మించిన పొడవు, అవసరానికి మించిన మందం. బరువని సంచిలోనే ఉండిపోతుంది, లేదా ఒకసారి పదును పోయాక మళ్లీ పదునెక్కదు. ఉత్తర ఐరోపా వాళ్లు వాడి వాడి తేల్చుకున్న లెక్కలు తెలిస్తే ఈ డబ్బు దండగ తప్పుతుంది. మడత కత్తుల సంగతి పక్కన పెడదాం. నేను చెప్పేది బ్లేడు పిడిలో కదలకుండా బిగించి ఉండే కత్తుల గురించి. వీటికి కీలు లేదు కాబట్టి విరిగే చోటు తక్కువ, ఇసుకా మట్టీ దూరి ఇరుక్కునే సందు లేదు.

ముందు పొడవు చూద్దాం. అడవిలో కత్తితో చేసే పనులేమిటి? గుడారం మేకులకు మొన చెక్కడం, తాడు కోయడం, చేపను చీల్చి శుభ్రం చేయడం, ఉల్లిపాయ తరగడం, నిప్పు రాజేయడానికి ఎండు కర్రను సన్నటి పొరలుగా లేపడం. అన్నీ చేతికి దగ్గరగా జరిగేవే. మొన వేళ్లకు ఎంత దగ్గరగా ఉంటే అంత చెప్పినట్టు వింటుంది. చెక్కేటప్పుడు చేతి బలమంతా పిడిని ఆనుకుని ఉన్న మొదటి అంగుళం, రెండు అంగుళాల అంచులోకే దిగుతుంది. అందుకే పూక్కో పదును పిడి మొదట్లోనే మొదలవుతుంది. కొన్ని ఖరీదైన కత్తుల్లో పిడికీ పదునుకూ మధ్య వేలు పెట్టుకోవడానికి ఒక గాడి తీస్తారు. చూడ్డానికి బాగుంటుంది గానీ, అసలు బలం పనిచేసే జాగా అక్కడే పోతుంది.

కెనడా ఉత్తర అడవుల్లో దశాబ్దాల పాటు అడవిలో బతికే విద్య నేర్పిన మోర్స్ కొచాన్‌స్కీ 1980లలో వచ్చిన తన ‘నార్తర్న్ బుష్‌క్రాఫ్ట్’ పుస్తకంలో అరచేతి వెడల్పంత పొడవుండే బ్లేడునే మంచి కొలతగా చెప్పాడు. ఈ కొలత ఎందుకు కుదురుతుందో ఒక్క పట్టు నేర్చుకుంటే తెలిసిపోతుంది. కత్తినీ కర్రనూ రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకోవాలి, పదును బయటి వైపుకు ఉండాలి. మోచేతులు రెండూ ఒక్కసారి వెనక్కి లాగితే కత్తి ఒక పక్కకు, కర్ర ఒక పక్కకు పోతాయి. అందులో పనిచేసేది మణికట్టు ఒక్కటే కాదు, భుజాలూ వీపూ కూడా. బ్లేడు ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసు కాబట్టి గాయమయ్యే అవకాశం చాలా తక్కువ. మూరెడు కత్తితో ఈ పని చేయబోతే మొన ఎటు తిరుగుతుందో చేతికి తెలియదు.

మరి కొమ్మ నరకాల్సి వస్తే? దానికి సమాధానం ఉత్తర ఐరోపాలోని లాప్‌లాండ్‌లో రెయిన్‌డీర్ మందలు కాసే సామీ ప్రజల నడుముకే ఉంది. వాళ్లు లెయుకు అనే పెద్ద కత్తిని వాడతారు. బ్లేడు 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, వెడల్పు ఎక్కువ. బర్చ్ చెట్ల కొమ్మలు నరకడం, పొయ్యికి పుల్లలు చీల్చడం, మూలుగ కోసం ఎముక పగలగొట్టడం దాని వంతు. దాని పక్కనే చిన్న కత్తి ఒకటి తప్పక ఉంటుంది. రెండూ ఒకే ఒరలో ఇమిడిపోయే జంటలూ ఉన్నాయి. అంతకు మించిన పని పడితే గొడ్డలి. అమెరికాలో ‘నెస్‌మక్’ పేరుతో రాసిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1884లో వచ్చిన ‘వుడ్‌క్రాఫ్ట్’లో తన సరంజామా చెబుతూ రెండంచుల చిన్న గొడ్డలి, పల్చటి ఒర కత్తి, జేబు కత్తి అన్నాడు. దుకాణాల్లో దొరికే మందపాటి వేట కత్తులు ఆయనకు నచ్చలేదు. మన మేదరుల దగ్గరా వెదురు నరికే కత్తి వేరు, బద్దను పల్చన చేసే కత్తి వేరు. అన్ని పనులకూ ఒకే పెద్ద కత్తి అనే ఆలోచన, నాకు తెలిసినంతలో, రోజూ కత్తితో పనిచేసేవాళ్లలో పుట్టింది కాదు.

ఇక పదును. ఈ సంప్రదాయంలో అసలు విలువైనది ఇదే అని నా నమ్మకం. వంటింటి కత్తిని పక్క నుంచి చూడండి. వెన్ను నుంచి పల్చబడుతూ వచ్చి, చివర అంచు దగ్గర మరో చిన్న వాలు తిరిగి పదునవుతుంది. ఆ చిన్న వాలు కంటికి కనిపించీ కనిపించనంత సన్నం. సానరాయి మీద దాన్ని సరైన కోణంలో పట్టుకోవాలంటే చెయ్యి తిరిగి ఉండాలి. పూక్కోలోనూ, స్వీడన్ మోరా కత్తుల్లోనూ బ్లేడు సగం వెడల్పు దాకా మందం మారదు. అక్కడి నుంచి రెండు పక్కలా ఒకే తిన్నని వాలు నేరుగా అంచు దాకా దిగుతుంది, మధ్యలో మరో మలుపు లేదు. రెండు పక్కలూ కలిపి 20 నుంచి 27 డిగ్రీలు ఉంటుంది. దీన్ని స్కాండీ గ్రైండ్ అంటారు.

సానబెట్టేటప్పుడు ఆ వాలే దారి చూపిస్తుంది. రాయిని తడిపి వాలును దాని మీద ఆనించండి. ముందు కత్తి అటూ ఇటూ ఊగుతుంది. వాలు మొత్తం రాయికి అతుక్కున్న క్షణాన ఊగడం ఆగిపోతుంది, అది వేళ్లకు తెలుస్తుంది. రెండు వేళ్లతో వాలు మీద నొక్కిపట్టి అంచు ముందుకు వెళ్లేలా తోస్తూ పోవాలి. నీళ్లు బూడిద రంగుకు తిరుగుతాయి. కాసేపయ్యాక కత్తిని తిప్పి, అవతలి పక్కన బొటనవేలి గోటిని వెన్ను నుంచి అంచు వైపు లాగి చూస్తే చివర్లో సన్నటి ఇనుప గరుకు తగులుతుంది. అంచు పొడవునా ఆ గరుకు వచ్చిందంటే ఒక పక్క పని అయినట్టే. రెండో పక్క కూడా అలాగే. తర్వాత నున్నటి రాయి, ఆఖరున తోలు పట్టీ. పాత మంగలి షాపుల్లో గోడకు వేలాడిన తోలు పట్టీ పని కూడా ఇదే. తోలు మీద మాత్రం అంచు వెనక ఉండేలా లాగాలి, ముందుకు తోస్తే తోలు తెగుతుంది. పన్నెండేళ్ల పిల్లకైనా ఒక మధ్యాహ్నంలో ఈ పని నేర్పొచ్చు. అడవిలో పదును పోతే అక్కడే కూర్చుని మళ్లీ తెచ్చుకోగల కత్తి ఇది.

చెక్క మీద కూడా ఆ వెడల్పాటి వాలు ఆనుకుని నడుస్తుంది. వాన పడి అడవంతా తడిసినప్పుడు, నిలబడే ఎండిపోయిన చెట్టు కొమ్మను చీలిస్తే లోపల పొడి చెక్క దొరుకుతుంది. మణికట్టంత కర్రను నిలువుగా నిలబెట్టి, పై చివర మీద బ్లేడు పెట్టి, వెన్ను మీద మరో కర్రతో కొడితే చీలుతుంది. ఆ చీలిన ముక్కను నేలకు ఆనించి, చెయ్యి తిన్నగా ఉంచి, పైనుంచి కిందికి కత్తిని జార్చాలి. కాగితమంత పల్చటి పొర చుట్టలు తిరుగుతూ లేస్తుంది, తెగకుండా చివర్లో నిలబడుతుంది. దాని పక్కన ఇంకొకటి. అలా ఒక గుత్తి తయారైతే అగ్గిపుల్లొకటి చాలు.

ఈ అంచుకు లోటు లేదని కాదు. బంగాళదుంప తరిగితే మందం వల్ల ముక్క చీలుతుంది. పల్చటి అంచు కాబట్టి ఎముకకు, గట్టి కణుపుకు తగిలితే పెచ్చు లేస్తుంది. పైన్, బర్చ్ కలప కాస్త మెత్తటిది. మన తుమ్మ, సండ్ర అలాంటివి కావు. దక్కన్ అడవుల్లో వాడేవాళ్లు ఆఖరున కత్తిని రాయి మీద ఒక్క వెంట్రుకవాసి ఎత్తి నాలుగు సార్లు తీస్తే అంచు కొనకు కాస్త బలం వస్తుంది. లేదంటే వాలు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండే కత్తి తీసుకోవచ్చు. స్వీడన్ వైమానిక దళం పైలట్ల కోసం వచ్చిన ఫాల్క్‌నివెన్ ఎఫ్1 ఆ రకమే. దాని అంచు గట్టిది, కానీ సానబెట్టడం అంత సులువు కాదు.

మొన ఆకారం గురించి దుకాణాల్లో చాలా చెబుతారు, నిజానికి ఎంపిక తేలికే. తిన్నటి వెన్ను లేదా మొన వైపు కొద్దిగా కిందికి వాలే వెన్ను, ఈ రెంటిలో ఏదైనా ఫర్వాలేదు. వాలే వెన్ను ఉన్నదాన్ని డ్రాప్ పాయింట్ అంటారు, దాని మొన గట్టిది. వెన్నును కోసేసినట్టు సన్నటి మొన తీర్చే క్లిప్ పాయింట్, అమెరికా బోవీ కత్తుల నుంచి రెండో ప్రపంచ యుద్ధపు కా-బార్ కత్తి దాకా పేరు పొందింది, పొడవడానికి అనువు. చెక్కలో గుచ్చి మెలితిప్పితే ఆ మొనే ముందు విరుగుతుంది. రెండు పక్కలా పదునున్న బాకు అడవి పనికి పనికిరాదు, వెన్ను మీద బొటనవేలు పెట్టి తోసే వీలే ఉండదు.

పిడికి ఫిన్లాండ్ వాళ్లు మెలికల చారలున్న బర్చ్ కలప వాడతారు, లేదా బర్చ్ బెరడు ముక్కలను ఒకదానిమీద ఒకటి పేర్చి నొక్కి చెక్కుతారు. బెరడు పిడి తడిసినా జారదు, గడ్డకట్టే చలిలో చేతికి చల్లగా తగలదు. బ్లేడు తోక సన్నగా పిడి మధ్య నుంచి వెళ్లి చివర బిగించి ఉంటుంది. పిడి పొడవునా వెడల్పాటి ఉక్కు ఉంటేనే గట్టి కత్తి అని ఇప్పుడు అంటున్నారు. మోరా వాళ్లు కూడా 2016లో గార్‌బర్గ్ పేరుతో అలాంటిది తెచ్చారు. కర్రతో కొట్టి చీల్చే పని ఎక్కువుంటే అది మంచిదే. మామూలు పనికి సన్నతోక కత్తి చాలు, తేలిక కూడా. ఉక్కు విషయంలో మన కోస్తా తేమకు స్టెయిన్‌లెస్ మేలు. కార్బన్ ఉక్కు పదును చక్కగా పడుతుంది, వెన్ను అంచు చదరంగా ఉంటే చెకుముకి రాయితో నిప్పురవ్వలూ రాలుస్తుంది. కానీ రోజూ తుడిచి నూనె రాయాలి.

ఈ కత్తులు తయారైన ఊళ్లూ చరిత్ర ఉన్నవే. ఫిన్లాండ్‌లో కౌహావ పట్టణం పూక్కోలకు పెట్టింది పేరు. ఈసాక్కి యార్వెన్‌పా సంస్థ 1879 నుంచి అక్కడ కత్తులు చేస్తోంది, పిడి చివర గుర్రం తల వాళ్ల గుర్తింపు. స్వీడన్‌లో మోరా దగ్గరి ఓస్ట్‌నోర్‌లో 1891లో ఫ్రోస్ట్ కుటుంబ కర్మాగారం మొదలైంది. దాని వారసత్వమే నేటి మోరా కత్తులు. 1866లో ఫిన్లాండ్ బడుల్లో చేతిపనులను చదువులో భాగం చేసిన ఊనో సిగ్నేయుస్ వల్ల కత్తి బడి గదిలోకి వచ్చింది. పిల్లలకు కత్తి ఇవ్వకుండా దూరం పెట్టే బదులు ఎలా పట్టుకోవాలో నేర్పడం అక్కడి పద్ధతి. ఆ నేలే 19వ శతాబ్దంలో కౌహావ చుట్టుపక్కల కత్తి గొడవల గూండాలనూ చూసింది. 1977లో బహిరంగ ప్రదేశాల్లో అకారణంగా కత్తి పెట్టుకు తిరగడాన్ని చట్టం నిషేధించింది. అయినా పూక్కో ఇప్పటికీ గౌరవంగా ఇచ్చే కానుకే. పనిముట్టుగా చూసే జనం దాన్ని ఆయుధంగానే మిగిలిపోనివ్వలేదని నేను అనుకుంటాను.

మన చట్టమూ తెలుసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం కింది నియమాల్లో బ్లేడు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమ పనుల కోసం చేసినవాటికి మినహాయింపు ఉంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లకూడదు. నల్లమలకో పాపికొండలకో బయల్దేరే ముందు అటవీ అధికారులను అడగండి. విమానంలో చేతి సంచిలో కత్తి పెట్టకండి.

మొదటి కత్తి కొనేవాళ్లకు నా మాట ఇది: 10 సెంటీమీటర్ల చుట్టూ బ్లేడు, రెండున్నర మూడు మిల్లీమీటర్ల మందం, ఒకే తిన్నటి వాలు, చేతికి నిండుగా పట్టే పిడి. కత్తికి పెట్టే డబ్బులో మూడో వంతు సానరాయికి ఉంచండి. తలకిందులు చేసినా జారిపడని ఒర ఉందో లేదో కొనే ముందే చూడండి. ఒర వదులుగా ఉంటే ఎంత చవకగా వచ్చినా ఆ కత్తిని వదిలేయండి.