ఆ గిన్నె పారబోయకండి

ఈ వారం తుమ్మలపెంట నుంచి ఒకావిడ భర్తను తీసుకొచ్చి, నేను అడిగేలోపే సెల్‌ఫోన్ చేతికిచ్చింది. ‘‘మీరు అడుగుతారని ఫొటో తీసినా సార్’’ అంది. గిన్నెలో ఆయన దగ్గినప్పుడు పడిన, నురగతో ఎర్రటి నెత్తురు. పారబోయకుండా చూపించమని ఈ శీర్షికలో ఎంత పోరు పెట్టానో పాత పాఠకులకు తెలుసు. చాలా సంతోషమేసింది. ఎర్రగా నురగతో ఉంటే ఊపిరితిత్తులది. కాఫీ పొడి రంగులో మెతుకులతో వస్తే కడుపుది. ముక్కు, చిగుళ్లు కూడా చూడాలి. ఎన్నాళ్లుగా పడుతోంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడక్కుండా స్కాన్‌కు రాయడం నాకు నచ్చదు.

ఆయనకు లోగడ టీబీ వచ్చి నయమైంది. ఇలాంటివాళ్లకు కళ్లె పరీక్ష లేకుండానే మళ్లీ టీబీ కోర్సు మొదలుపెట్టేవాళ్లున్నారు. అది తప్పు. క్రిములు చచ్చినా, అవి పాడుచేసిన శ్వాసనాళాలు వెడల్పుగా సాగి అలాగే ఉంటాయి. టీబీ ఊపిరితిత్తుల్లో మిగిల్చిన పాత గుంతల్లో బూజు పెరగొచ్చు. వాటి నుంచీ నెత్తురు పడుతుంది.

మా తాతల కాలంలో నెత్తురు పడిందంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరమే దిక్కు. ఆ శానిటోరియాన్ని డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ నడిపాడు. అప్పటికి మందు లేదు. మంచి గాలి, తిండి, మంచం; పక్కటెముకల మధ్య సూదితో గాలి ఎక్కించి జబ్బు ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసేవారు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇరుకిళ్లలో ఉంటూ మాత్రలు మింగిన పేదలకూ శానిటోరియంలో ఉన్నవాళ్లతో దాదాపు సమానంగా నయమవుతుందని తేల్చింది. ప్రతిదానికీ నెల్లూరు, చెన్నై పరుగెత్తొద్దని నేను మొండిగా వాదించేది అందుకే.

కానీ ఆ గిన్నె సగం నిండి ఉంది. అక్కడ నా వాదన చెల్లదు. ఇలాంటప్పుడు ప్రాణం తీసేది చాలాసార్లు నెత్తురు పోవడం కాదు, అది శ్వాసనాళాల్లో నిండి ఊపిరాడకపోవడం. వాటిలో పట్టేది 150 మిల్లీలీటర్లే. ఆక్సిజన్ పెట్టి, ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చి, చెడిన ఊపిరితిత్తి కిందికి ఉండేలా పడుకోబెట్టి నెల్లూరు పంపాను. అక్కడ సీటీ యాంజియో తీసి, తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి కారుతున్న నాళాన్ని మూసేశారు.

చారలుగా పడినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. పావు గ్లాసు పడినా, ఆయాసం వచ్చినా నా కోసం కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.