చూపు ముందు, తూటా ఆఖర్న

వయోమింగ్‌లో అక్టోబరు వేటకి వెళ్ళాలనుకున్న బయటి రాష్ట్రం మనిషి మే నెలాఖరుకే దరఖాస్తు పెట్టేసి ఉండాలి. జూన్ మొదట్లో గడువు అయిపోతుంది, ఆ నెలలోనే లాటరీ ఫలితాలు వచ్చేస్తాయి. రైఫిల్, బూట్లు, గుడారం అన్నీ అమర్చుకుని, ఈ ఒక్క కాగితం సంగతి జూలైలో గుర్తొచ్చి, ఆ ఏటికి ఉసూరుమంటూ కూర్చునేవాళ్ళు ఉంటూనే ఉంటారు. అమెరికా పడమటి రాష్ట్రాల్లో మ్యూల్ డీర్, ప్రాంగ్‌హార్న్ వేటకి ఈ దరఖాస్తే తొలి మెట్టు. ఈ సంప్రదాయం మీద నాకు గౌరవం కలగడానికీ ఇదే మొదటి కారణం. ఈ ఏడు ఏ ప్రాంతంలో ఎన్ని జంతువుల్ని తీసుకోవచ్చో ముందు లెక్కగడతారు, ఆ తర్వాతే మనిషిని లోపలికి రానిస్తారు.

తొలిసారి వెళ్ళేవాళ్ళు ఈ రెండు జంతువుల్నీ ఒకే ప్రయాణంలో కలుపుకోవడం మామూలే. రెండూ సేజ్‌బ్రష్ పొదల నేలల్లోనే తిరుగుతాయి, చాలాచోట్ల వాటి వేట రోజులు కూడా కలుస్తాయి. స్వభావాలకి మాత్రం ఎక్కడా పొంతన లేదు. ప్రాంగ్‌హార్న్‌ని అక్కడివాళ్ళు యాంటిలోప్ అంటారు గానీ మన కృష్ణజింకకి అది దగ్గరి చుట్టం కాదు. దాని కుటుంబంలో ఇవాళ మిగిలింది ఆ ఒక్క జాతే. బొమికె మీద ఉండే కొమ్ము తొడుగు ఏటా రాలిపోయి మళ్ళీ పెరుగుతుంది. గంటకి దాదాపు 90 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. తల పక్కలకి ఉబికి వచ్చిన పెద్ద కళ్ళతో దాదాపు చుట్టూ చూస్తుంది. దాక్కోవాలన్న ఆలోచనే దానికి లేదు. పట్టపగలు బయలులో నిలబడి, మిమ్మల్ని మైలు దూరంలోనే పసిగట్టి, తన దూరం తాను చూసుకుంటుంది. మ్యూల్ డీర్ ఇందుకు పూర్తిగా వేరు. కంచరగాడిద చెవుల్లాంటి పెద్ద చెవులున్న ఈ జింక పగలంతా రాతి అంచు కిందో, పొద నీడలోనో ముడుచుకుని పడుకుంటుంది. మీరు నలభై గజాల్లోంచి నడిచి వెళ్ళినా కదలకపోవచ్చు. లేచిందంటే నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేలకి తన్ని ఎగురుకుంటూ పోతుంది. గట్టు దాటే ముందు చాలాసార్లు ఒక్క క్షణం ఆగి వెనక్కి చూస్తుంది.

ఇంత వేగమున్న ప్రాంగ్‌హార్న్‌కి ఒక లోపం ఉంది. కంచె దూకడం దాదాపు చేతకాదు, తీగల కిందనుంచి దూరిపోవాలనే చూస్తుంది. ఇది తుపాకీ రాకముందు నుంచీ మనుషులకి తెలుసు. గ్రేట్ బేసిన్‌లోని షోషోనీ, పైయూట్ ఆదివాసులు పొదలు నరికి కుప్పలుగా పేర్చి, పెద్ద వలయాలు కట్టి, ఊరంతా కలిసి మందల్ని అందులోకి మళ్ళించేవారు. నడుమెత్తు లేని కంచె కూడా వాటిని ఆపడానికి సరిపోయేది. వయోమింగ్‌లో పైన్‌డేల్ దగ్గరి ట్రాపర్స్ పాయింట్‌లో దాదాపు 6,000 ఏళ్ళనాటి ప్రాంగ్‌హార్న్ ఎముకల గుట్ట బయటపడింది. ఏటా మందలు వలసపోయే దారి సన్నబడే చోట ఆనాటి వేటగాళ్ళు మాటు వేశారు. ఇవాళ్టికీ మందలు ఆ దారినే నడుస్తున్నాయి. రోడ్డు మీద కార్ల కింద పడకుండా 2012లో అక్కడే వాటికోసం వంతెన కట్టారు.

ఇక ట్యాగ్ విషయం, అంటే ఒక జంతువుని వేటాడేందుకు ఇచ్చే అనుమతి కాగితం. వయోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ ట్యాగులన్నీ ప్రాంతాల వారీగా పరిమిత సంఖ్యలో ఇస్తారు. మ్యూల్ డీర్‌కి బయటివాళ్ళు ఒక మండలం మొత్తానికి చెల్లే ట్యాగ్ గానీ, ఒక చిన్న ప్రాంతానికి మాత్రమే చెల్లే ట్యాగ్ గానీ కోరుకోవచ్చు. బయటివాళ్ళ లాటరీలో ఎక్కువ వాటా ఏళ్ళ తరబడి ప్రాధాన్య పాయింట్లు పోగేసుకున్నవాళ్ళకి పోతుంది, కొంత భాగం మాత్రం అందరికీ సమానంగా తీస్తారు. ఒక్కో ట్యాగ్ ఖరీదు 300 డాలర్ల పైమాటే. ఆడ, పిల్ల ప్రాంగ్‌హార్న్‌లకి మాత్రమే చెల్లే ట్యాగ్ అందులో దాదాపు పదో వంతుకే వస్తుంది. తొలిసారి వెళ్ళేవాళ్ళు దాంతోనే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. కొమ్ముల ఆశ లేనప్పుడు గాలి, నేల, దూరం మీద మనసు నిలుస్తుంది, మాంసం కూడా మెత్తగా ఉంటుంది. మ్యూల్ డీర్ పాయింట్లు పక్కన పోగవుతూ ఉంటాయి.

ట్యాగ్ సులువుగా దొరికిందంటే అనుమానించాలి. తూర్పు వయోమింగ్‌లో కొన్నిచోట్ల ట్యాగులు మిగిలిపోతాయి, ఎందుకంటే అక్కడి నేల చాలావరకు పశువులు పెంచే రాంచర్లది. అడుగుపెట్టే హక్కు లేని చోటికి ట్యాగ్ కొనుక్కున్నట్టవుతుంది. దక్షిణాన ఇంకో చిక్కు ఉంది. 1860ల్లో రైలు కంపెనీలకి చదరపు మైళ్ళ లెక్కన ఒకటి విడిచి ఒకటి భూములిచ్చారు. దాంతో ప్రభుత్వ భూమి, ప్రైవేటు భూమి చదరంగం పలకలా పడ్డాయి. ఒక ప్రభుత్వ గడి మూల నుంచి ఎదుటి ప్రభుత్వ గడి మూలకి అడుగు వేయవచ్చా? ఎల్క్ మౌంటెన్ దగ్గర మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళు ప్రైవేటు నేలని కాలితో తాకకుండా ఇనప నిచ్చెన వేసుకుని మూల దాటారు. భూస్వామి కోర్టుకెళ్ళాడు. 2025లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు వేటగాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. ఇన్ని చిక్కులున్నాయి కాబట్టే ఇవాళ భూమి ఎవరిదో చూపించే మొబైల్ మ్యాప్ వేటగాడికి బైనాక్యులర్స్‌తో సమానం. సిగ్నల్ ఉండదు కనుక మ్యాప్‌ని ఇంట్లోనే దించుకోవాలి. రాంచర్ల దగ్గర రాష్ట్రమే అనుమతి తీసుకుని వేటగాళ్ళకి తెరిచిన నేలలూ ఉన్నాయి, వాటి జాబితా ఏటా మారుతుంది. ఫెడరల్ వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన కొండల్లోకి మాత్రం బయటి రాష్ట్రంవాళ్ళు గైడ్ గానీ స్థానికుడు గానీ తోడు లేకుండా పెద్ద జంతువుల వేటకి వెళ్ళకూడదు.

డెన్వర్, డాలస్ వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీని, తూటాలని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్‌తో రేంజ్‌లో సాధన చేయాలన్నా ముందు ఆ లైసెన్సు చేతిలో ఉండాలి, లాయర్ని ఒకసారి అడగడం మంచిది. 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వయోమింగ్‌లో వేటాడాలంటే వేట శిక్షణ కోర్సు పూర్తి చేసి ఉండాలి. దాన్ని మొక్కుబడిగా కానివ్వకండి. రైఫిల్ గొట్టం ఎప్పుడూ ఎటు చూస్తూ ఉండాలో ఒంటికి పట్టేది అక్కడే.

అసలు విద్య చూపులో ఉంది. తెల్లవారకముందే ఒక మిట్ట ఎక్కాలి. కొన మీద నిలబడితే వెనక ఆకాశం ఉంటుంది కనుక మనిషి ఆకారం ఎంత దూరానికైనా కనబడుతుంది. అందుకే కొనకి కాస్త కిందగా, సూర్యుడు వీపు వెనక ఉండేట్టు కూర్చోవాలి. బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్‌కి బిగించాలి. చేత్తో పట్టుకుంటే పది రెట్లు పెద్దదైన దృశ్యం ఊపిరికి కూడా అదురుతుంది, ఆ అదురులో జింక చెవి కదలిక కలిసిపోతుంది. ఎదుటి వాలుని మనసులోనే మళ్ళు కట్టినట్టు విడగొట్టుకుని, ఒక్కో మడిని ఈ కొస నుంచి ఆ కొసకి చూడాలి. మొత్తం జింక కోసం వెతికితే ఎప్పటికీ దొరకదు. పొదలన్నీ నిలువుగా పెరుగుతాయి, వాటి మధ్య అడ్డంగా ఒక గీత ఉంటే అది వెన్ను కావచ్చు. బూడిద రంగులో తెల్లటి మచ్చ పిర్ర కావచ్చు. కొమ్మ చివర రెండుగా చీలి, ఆ చీలికలు మళ్ళీ రెండుగా చీలి ఉంటే అది కొమ్మ కాకపోవచ్చు. ఎండెక్కాక జింకలు పడుకుంటాయి. చాలామంది అప్పుడే విసుగొచ్చి ట్రక్కు దగ్గరికి దిగిపోతారు, అది తొందరపాటు. పొద్దు పైకెక్కిన కొద్దీ నీడ జరుగుతుంది, నీడ జరిగితే ఎండ తగిలిన జింక లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ పడుకుంటుంది. దాన్ని చూడగలిగే వ్యవధి ఆ కాసేపే. అప్పటిదాకా అదే వాలుని పదోసారి కూడా మొదటిసారిలా చూస్తూ కూర్చోగలిగినవాడికి కనబడుతుంది.

కనబడ్డాక గాలి సంగతి. పొద్దున చల్లగాలి వాలు మీంచి కిందికి జారుతుంది, నేల వేడెక్కాక పైకి లేస్తుంది. కాబట్టి పొద్దున్నే పైనుంచి దిగితే మన వాసన మనకంటే ముందే జింకని చేరుతుంది. గాలి పైకి మళ్ళి నిలకడగా వీస్తున్నాక, పడుకున్న జింక మీదికి పైనుంచి దిగవచ్చు. గాలి అటూ ఇటూ తిరుగుతున్న ఆ మధ్య వేళ కదలకుండా కూర్చోవడమే మేలు. జేబులో చిన్న సీసాడు పౌడరు ఉంచుకుని నొక్కి చూస్తుంటారు, అది ఎటు తేలితే వాసన అటు పోతున్నట్టు. ప్రాంగ్‌హార్న్ దగ్గర చూపుదే పెద్ద ప్రమాదం. చదునుగా కనబడే ఆ మైదానం నిజానికి చదును కాదు. నీళ్ళు కోసిన పల్లాలు ఎక్కడెక్కడ ఉన్నాయో దూరం నుంచే చూసుకుని, వాటి అడుగున నడిచి, ఆఖరి రెండు మూడు వందల గజాలు పాకాలి. నేలనిండా నాగజెముడు జాతి ముళ్ళే, తోలు తొడుగులూ మోకాలి పట్టీలూ లేకుండా పాకలేరు. పూర్వం తెల్లగుడ్డ ఊపి వాటి కుతూహలాన్ని రెచ్చగొట్టి దగ్గరికి రప్పించేవారు.

రైఫిల్ గురించి ఎక్కువ చెప్పను. .243, .270, 6.5 క్రీడ్‌మూర్ ఏదైనా చాలు. బల్ల మీద పెట్టి కాల్చే సాధన మైదానంలో ఎందుకూ కొరగాదు. నేల మీద కూర్చుని, సంచీ మీద ఆనించి, రొప్పుతూ కాల్చి చూసుకోవాలి. తూటాలన్నీ అన్నం కంచంలో పడేంత దూరమే మీ హద్దు. అది 150 గజాలైతే 150 గజాలే. ఎనిమిది వందల గజాల నుంచి కాల్చడం గొప్పగా చెప్పుకునే ధోరణి ఈమధ్య పెరిగింది, అది నాకు నచ్చదు. తూటా అక్కడికి చేరేలోపు జంతువు ఒక్క అడుగేస్తే, ఊపిరితిత్తుల మీద పడాల్సిన దెబ్బ పొట్టలో పడుతుంది. థియొడోర్ రూజ్‌వెల్ట్, జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ 1887లో బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టినప్పటి నుంచీ వేటగాళ్ళు చెప్పుకుంటున్న న్యాయమైన వేటకి అర్థం, జంతువుకి తప్పించుకునే వీలుండాలని.

వాతావరణం మీద ఒక్క హెచ్చరిక చాలు. సెప్టెంబరు నెలాఖరున చెమటలు పట్టవచ్చు, అక్టోబరులో మంచు కురిసి రోడ్లు మూసేయవచ్చు. వాన పడితే అక్కడి బంకమట్టి దారుల్లో నాలుగు చక్రాలూ తిరిగే ట్రక్కు కూడా కదలదు. అలాంటప్పుడు నేల ఆరేదాకా ఆగడమే దారి.

జంతువు పడ్డాక తొందర మొదలవుతుంది. ముందుగా ట్యాగ్ మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. ప్రాంగ్‌హార్న్ వెంట్రుక బోలుగా, పెళుసుగా ఉంటుంది. చెయ్యి తగిలితే చాలు రాలి మాంసానికి అంటుకుంటుంది. అందుకే కత్తిని చర్మం లోపలి నుంచి బయటికి నడుపుతారు, వెంట్రుకకి తగిలిన చేత్తో మాంసం ముట్టుకోరు. పేగులు చిల్లు పడకుండా తీసి, వెంటనే తోలు ఒలిచి, తొడలూ జబ్బలూ విడదీసి, గాలాడే నూలు సంచుల్లో వేసి నీడన వేలాడదీస్తారు. ప్రాంగ్‌హార్న్ మాంసం ఘాటు వాసనేస్తుందని ఒక అపప్రథ ఉంది. చాలావరకు ఆ వాసన ఎండలో ట్రక్కు వెనక గంటలకొద్దీ పడేసి తిరిగిన మనిషి తెచ్చిపెట్టింది. తినదగ్గ మాంసాన్ని వదిలేసి రావడం అక్కడ చట్టరీత్యా నేరం, అమ్ముకోవడమూ నేరమే.

మహాభారతం అరణ్యపర్వంలో పాండవులు ద్వైతవనంలో ఉండగా ఒక రాత్రి ధర్మరాజు కలలోకి లేళ్ళు వస్తాయి. మీ తమ్ముళ్ళ వేటకి మేము విత్తనానికి మాత్రమే మిగిలాం, మళ్ళీ పెరగాలంటే మీరు వేరే చోటికి వెళ్ళండి అని వేడుకుంటాయి. ధర్మరాజు తెల్లారి తమ్ముళ్ళకి చెప్పి కామ్యకవనానికి మకాం మార్చేస్తాడు. అమెరికా పడమర ఆ మాట చాలా ఆలస్యంగా విన్నది. 1920ల్లో ఆ దేశంలో ప్రాంగ్‌హార్న్‌లు 30 వేలకి లోపే మిగిలాయి. వేటకి కట్టడి పెట్టి, మందల్ని కొత్త చోట్లకి తరలించి, మేత నేలల్ని కాపాడాక మళ్ళీ లక్షల్లోకి చేరాయి. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం రైఫిళ్ళ మీద, తూటాల మీద అప్పటికే ఉన్న పన్ను డబ్బుని వన్యప్రాణుల పనికి మళ్ళించింది. 2022-23 చలికాలంలో పడమటి వయోమింగ్‌లో మంచు గడ్డకట్టి మందలు పెద్దసంఖ్యలో చచ్చిపోతే, ఆ ఏడు ట్యాగుల్ని వేల సంఖ్యలో కోసేశారు. ఏళ్ళ తరబడి పాయింట్లు కూడబెట్టుకున్నవాళ్ళు కూడా ఊరుకోవాల్సి వచ్చింది. ఆ ఊరుకోవడం కూడా వేటలో భాగమే అనుకునే వాళ్ళున్నంత కాలం ఈ సంప్రదాయానికి విలువ ఉంటుంది.

మళ్ళీ మాంసం సంగతికి వస్తే, మ్యూల్ డీర్ కొట్టినవాళ్ళు మెడలోని లింఫ్ గ్రంథుల నమూనాని వన్యప్రాణి శాఖకి ఇచ్చి రావాలి. మెదడుని తినేసే సీడబ్ల్యూడీ అనే జబ్బు 1967లో కొలరాడోలో మొదట మ్యూల్ డీర్‌లోనే కనబడింది. అది మనుషులకి సోకిన దాఖలా లేదు గానీ, జబ్బున్న జంతువు మాంసం తినవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. వండితే పోయే క్రిమి కాదది. తలనీ వెన్నెముకనీ రాష్ట్రం దాటించడంపై ఆంక్షలున్నాయి కాబట్టి ఎముక తీసేసి మాంసమే తీసుకెళ్ళడం మేలు. ఫలితం వచ్చేదాకా పొట్లాల మీద పేరు రాసి విడిగా ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. ఇక వంట. ఈ మాంసంలో కొవ్వు ఉండదు. వెన్నుకి రెండు పక్కలా ఉండే పొడుగాటి కండని మిరియాలు, ఉప్పు పట్టించి పెద్దమంట మీద కాసేపు వేయిస్తే చాలు, ఎక్కువసేపు ఉంచితే పీచవుతుంది. ఇగురు పెట్టాలనుకుంటే కాళ్ళ కండలు తీసుకోండి. సన్నమంట మీద, నూనె కాస్త ఎక్కువే వేసి, ముక్క చిదిమితే విడిపోయేదాకా ఉడకనివ్వండి.